తీర్పు మీద సంతకం పడ్డాక అదే జడ్జి శిక్ష మార్చగలరా?

మీరు అడిగింది ఇదీ. మీ తమ్ముడికి ఎరువుల దుకాణం ఉంది. హోల్‌సేల్ వ్యాపారికి ఇచ్చిన రెండు చెక్కులు బౌన్స్ అయి రెండు కేసులు పడ్డాయి. పోయిన వారం మేజిస్ట్రేట్ కోర్టు ఒకే రోజు రెండింటికీ తీర్పు చెప్పింది. ఒక్కోదాంట్లో ఏడాది జైలు, చెక్కు మొత్తం పరిహారం. రెండు శిక్షలూ ఏకకాలంలో నడవాలని ఎక్కడా రాయలేదు. అంతకుముందు అతను వారెంటు మీద అరెస్టయి 19 రోజులు సబ్‌జైల్లో ఉన్నాడు, ఆ సంగతీ తీర్పులో లేదు. అప్పీలు వేసుకోవడానికి నెల రోజులు బెయిల్ ఇచ్చారు. ‘జడ్జిగారు మర్చిపోయినట్టున్నారు, మంచివారే, అదే కోర్టులో పిటిషన్ వేస్తే సరిచేస్తారా? అవతలి పార్టీ రాజీకి వస్తానంటున్నాడు, ఆ రాజీ కూడా అక్కడే పెట్టెయ్యొచ్చా?’ అన్నది మీ ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తాను. ఏకకాలం సంగతి, రాజీ సంగతి ఆ కోర్టులో జరగవు. 19 రోజుల సంగతి మాత్రం జరుగుతుంది. మొదటి రెండింటికీ మీరు వెళ్లాల్సింది సెషన్స్ కోర్టుకి. దానికి గడువు తీర్పు రోజు నుంచి 30 రోజులు. మీరు ఇప్పటికే ఒక వారం వాడేశారు.

ఎందుకు జరగవంటే, క్రిమినల్ కోర్టు తీర్పు మీద సంతకం పెట్టిన క్షణంతో ఆ కేసు మీద దాని చెయ్యి తీసేసినట్టే. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 369వ సెక్షన్, 1973 కోడ్‌లో 362, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 403. నంబరు మారింది గానీ మాట అదే: కేసును ముగించే తీర్పు మీద సంతకం చేశాక ఏ కోర్టూ దాన్ని మార్చకూడదు, పునఃసమీక్షించకూడదు. రాతలో పొరపాటు, లెక్కలో పొరపాటు దిద్దడానికి మాత్రం అనుమతి ఉంది. ఈ కోడ్ గానీ ఇంకో చట్టం గానీ వేరుగా చెబితే అది వేరే సంగతి.

చాలామంది ఇక్కడే పొరబడతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు. పొలం గట్టు తగాదాలో, బాకీ దావాలో ‘రివ్యూ పిటిషన్ వేశాం’ అని అందరం వింటూనే ఉంటాం. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 114వ సెక్షన్, 47వ ఆర్డర్ ఆ దారి ఇచ్చాయి. క్రిమినల్ వైపు మేజిస్ట్రేటుకీ, సెషన్స్ జడ్జికీ, చివరికి హైకోర్టుకీ కూడా ఆ దారి లేదు. హైకోర్టుకి సహజాధికారాలు (న్యాయం కోసం అవసరమైన ఆర్డరు ఇచ్చే అధికారాలు) ఉన్నాయి కదా, పాత 482, కొత్త 528 సెక్షన్లు, వాటి కింద తన తీర్పును తానే తిరగరాయొచ్చు కదా అని వాదించినవాళ్లు ఉన్నారు. చట్టం సూటిగా వద్దన్న పనిని సహజాధికారం పేరు పెట్టి చేయకూడదని సుప్రీంకోర్టు 1990లో సిమ్రిఖియా కేసులోనూ, 2001లో రిపోర్టయిన హరిసింగ్ మాన్ కేసులోనూ తేల్చేసింది.

ఇక మీ అసలు పాయింటు, ‘మర్చిపోయారు’ అన్నది. మర్చిపోవడం కూడా రాత పొరపాటే కదా అని మీకు అనిపిస్తుంది. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, మీ కేసు అంతా ఇక్కడే ఉంది. 1981లో సూరజ్ దేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన దాన్ని మన మాటల్లో చెబితే: కోర్టు ఒకటి చెప్పాలనుకుని, చెయ్యి జారి ఇంకోటి రాస్తే అది రాత పొరపాటు. అసలు ఆలోచించనే లేదు, లేదా ఆలోచించింది తప్పు అయితే అది రాత పొరపాటు కాదు. ఉదాహరణకి, తీర్పు లోపలి పేరాలో ‘ఆరు నెలలు సరిపోతుందని భావిస్తున్నాను’ అని ఉండి, చివర ‘ఆరు సంవత్సరాలు’ అని టైపయింది. అది దిద్దుతారు. ముద్దాయి తండ్రి పేరు తప్పు పడింది, దిద్దుతారు. మూడు చెక్కుల మొత్తం కూడితే వచ్చే అంకె వేరు, తీర్పులో వేసిన అంకె వేరు, దిద్దుతారు. ‘ఏడాది ఎక్కువైంది, ఆరు నెలలు చాలు’ అనిగానీ, ‘రెండూ కలిపి నడిపితే న్యాయంగా ఉండేది’ అనిగానీ జడ్జిగారికే రాత్రి నిద్రపట్టక తోచినా సరే, పొద్దున్నే వచ్చి మార్చడానికి వీల్లేదు.

కాబట్టి మీరు ముందు చేయాల్సిన పని, రెండు తీర్పులనూ మొదటి పేజీ నుంచి చదవడం. శిక్ష వేసిన ఆఖరి పేరా ఒక్కటే చూసి నాకు రాసినట్టున్నారు. దానికి ముందు, ‘శిక్ష గురించి ముద్దాయిని విచారించగా’ అని మొదలయ్యే చోట ఏకకాలం ప్రస్తావన ఒక్క ముక్క ఉన్నా మీ అదృష్టం. అక్కడ ఉండి కింద లేకపోతే అది చెయ్యి జారడమే, అదే కోర్టులో దిద్దమని అడగొచ్చు. డాకెట్ షీటు (కేసు ఫైల్లో ఏ రోజు ఏం జరిగిందో రాసే కాగితం) మీద జడ్జిగారు చేత్తో రాసిన ఆర్డరు కూడా చూడండి. ఇంకో సంగతి, జైలుకి పంపే కన్విక్షన్ వారెంటు వేరు, తీర్పు వేరు. తీర్పులో సరిగ్గా ఉండి వారెంటు ఫారం నింపేటప్పుడు తప్పు జరిగితే, ఆ వారెంటు సరిచేసి పంపడం తీర్పు మార్చడం కిందికి రాదు. ఇలాంటివి నేను నాలుగైదు చూశాను. బెంచ్ క్లర్క్ దగ్గర ఒక మెమోతో తేలిపోయేవాటికి హైకోర్టు దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఎక్కడా ఆ ముక్క లేకపోతే ఏమవుతుంది? చట్టం తనంతట తాను లెక్క వేస్తుంది. పాత 427, కొత్త 467 సెక్షన్ ప్రకారం ఒక శిక్ష ఉండగా ఇంకో కేసులో శిక్ష పడితే, కోర్టు ప్రత్యేకంగా ‘ఏకకాలంలో’ అని చెప్పకపోతే రెండోది మొదటిది అయ్యాకే మొదలవుతుంది. అంటే మీ తమ్ముడికి కాగితం మీద ఇప్పుడు రెండేళ్లు. మౌనం ముద్దాయికి ఎదురు తిరుగుతుంది ఇక్కడ.

ఇది ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇక్రామ్ కేసు చూడండి. ఉత్తరప్రదేశ్‌లో కరెంటు సామగ్రి దొంగతనాల మీద తొమ్మిది కేసులు. ఒక్కోదాంట్లో రెండేళ్ల శిక్ష. ఏకకాలం అని ఎవరూ రాయలేదు. జైలువాళ్లు తొమ్మిది రెళ్లు పద్దెనిమిదేళ్లు అని లెక్క కట్టారు. జైలువాళ్లని అనడానికేం లేదు, వాళ్ల చేతిలో ఉన్న కాగితం అదే చెబుతోంది. అతను అలహాబాద్ హైకోర్టుకి వెళితే అక్కడా దొరకలేదు. 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి డీవై చంద్రచూడ్, మన హైదరాబాద్ నుంచి వెళ్లిన జస్టిస్ పీఎస్ నరసింహ ఉన్న బెంచ్ జోక్యం చేసుకుని, శిక్షలన్నీ ఏకకాలంలో నడవాలని చెప్పింది. ఒక్క మాట కింద కోర్టులో అడగకపోవడం వల్ల ఢిల్లీ దాకా వెళ్లాల్సి వచ్చింది.

మీకు దగ్గరగా ఉన్న తీర్పు ఇంకోటి ఉంది, మీ వకీలుగారికి చెప్పండి: వీకే బన్సల్ వర్సెస్ హర్యానా రాష్ట్రం, 2013. అందులో ఒకే మనిషి మీద పదిహేను చెక్ బౌన్స్ కేసులు. ఒకే లావాదేవీలో భాగంగా ఇచ్చిన చెక్కులైతే వాటి జైలు శిక్షలు ఏకకాలంలో నడపడం సబబే అని సుప్రీంకోర్టు అంది. వేరే లావాదేవీల చెక్కులైతే ఆ వెసులుబాటు రాదు. జుర్మానా, పరిహారం కట్టకపోతే పడే అదనపు జైలుకి కూడా ఇది వర్తించదు, అది వేరుగానే నడుస్తుంది. కాబట్టి మీ తమ్ముడి రెండు చెక్కులూ ఒకే సీజన్‌లో తెచ్చిన ఒకే సరుకు తాలూకువేనా? ఆ ఇన్వాయిస్‌లు, హోల్‌సేల్ వ్యాపారి లెడ్జరు కేసులో ఎగ్జిబిట్లుగా (సాక్ష్యపు కాగితాలుగా) పడ్డాయా? పడి ఉంటే అప్పీలులో మీ సగం పని అయినట్టే.

ఒక పాత అనుభవం చెబుతాను. నేను జూనియర్‌గా ఉన్న రోజుల్లో మా ఆఫీసుకి అచ్చం మీలాంటి కేసే వచ్చింది. రెండు కేసులు, రెండు శిక్షలు. క్లయింటు బావమరిది ఎవరి మాటో విని, అదే మేజిస్ట్రేటు ముందు ‘శిక్షలు ఏకకాలంలో నడిపించ ప్రార్థన’ అని పిటిషన్ వేయించాడు. పిటిషన్ రిటర్న్ అయింది, మళ్లీ వేశారు, అవతలివాళ్లకి నోటీసు, వాయిదా, ఇంకో వాయిదా. చివరికి ఆ పిటిషన్ మీద వాదన అరనిమిషం కూడా నడవలేదు. జడ్జిగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ‘సంతకం పెట్టేశాను కదండీ, ఇంక నాదేముంది’ అన్నారు, అంతే. ఈలోగా అప్పీలు గడువు దాటిపోయింది, అతనికి ఇచ్చిన బెయిల్ గడువూ దాటింది, వారెంటు వచ్చి మనిషి లోపలికి వెళ్లాడు. ఆలస్యాన్ని మన్నించమని అప్పీలుతో పాటు ఇంకో పిటిషన్ వేసి, అది విచారణకు వచ్చేదాకా అతను లోపలే. కోర్టు తప్పు ఒక్కటీ లేదు. తప్పు తలుపు తట్టాం, అంతే.

మీరు రాసిన ఇంకో మాట నన్ను ఆకట్టుకుంది. ‘తీర్పు చెప్పిన పది నిమిషాలకే అదే జడ్జిగారు శిక్ష ఆపి బెయిల్ ఇచ్చారు, అంటే మార్చే అధికారం ఉన్నట్టే కదా’ అన్నారు. మంచి ప్రశ్నే, కానీ అది మార్చడం కాదు. మూడేళ్లకు మించని శిక్ష పడి, అప్పటిదాకా బెయిల్ మీద ఉన్నవాడు అప్పీలుకి వెళతానంటే, అప్పీలు వేసుకునే వ్యవధి మేరకు బెయిల్ ఇవ్వాలని పాత 389, కొత్త 430 సెక్షన్ చెబుతోంది. శిక్ష అలాగే ఉంది, అమలు మాత్రమే ఆగింది. ఈ నెల లోపల సెషన్స్ కోర్టు నుంచి సస్పెన్షన్ ఆర్డరు (శిక్ష అమలు ఆపే ఆర్డరు) తెచ్చి కింద కోర్టులో దాఖలు చేయకపోతే ఆ ఆగినదీ కదులుతుంది.

19 రోజుల సంగతి ఎందుకు జరుగుతుందంటున్నానంటే, అది జడ్జిగారు దయతలిచి ఇచ్చేది కాదు. అదే కేసులో దర్యాప్తు, విచారణ సమయంలో లోపల ఉన్న రోజుల్ని శిక్షలోంచి తీసేయాలని పాత 428, కొత్త 468 సెక్షన్ చెబుతోంది. తీర్పులో రాసినా రాయకపోయినా ఆ హక్కు పోదు. రిమాండు తేదీ, విడుదల తేదీ చూపించి, సెట్ ఆఫ్ (ఈ రోజుల తీసివేత) వివరాలు కన్విక్షన్ వారెంటులో ఎక్కించమని అడిగితే తీర్పు ముట్టుకోనక్కర్లేదు. అయితే అతన్ని అరెస్టు చేసిన వారెంటు ఏ కేసులోదో చూసుకోండి. ఒక కేసులో అరెస్టయి, రెండో కేసులో పీటీ వారెంటు (జైల్లో ఉన్న మనిషిని ఇంకో కేసులో కోర్టుకి తెప్పించే వారెంటు) మీద కూడా హాజరు పరిచారా లేదా అన్నది లెక్కకి ముఖ్యం. జుర్మానా కట్టనందుకు పడే జైల్లోంచి మాత్రం ఈ రోజులు తీసెయ్యరు.

ఇక రాజీ. చెక్ బౌన్స్ నేరం ఏ దశలోనైనా రాజీ పడదగ్గదే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 147వ సెక్షన్ ఆ మాట చెబుతోంది. కానీ రాజీని రికార్డు చేయడానికి కేసు ఒక కోర్టు చేతిలో ఉండాలి కదా. మేజిస్ట్రేటు కోర్టులో అది ముగిసిపోయింది. అప్పీలు వేశాక సెషన్స్ కోర్టులో ఇద్దరూ జాయింట్ మెమో దాఖలు చేస్తే, ఆ కోర్టు అనుమతిస్తే, శిక్ష పోవడమే కాదు, నిర్దోషిగా విడుదలైనట్టే లెక్క. ఆలస్యంగా రాజీకి వస్తే చెక్కు మొత్తంలో కొంత శాతం లీగల్ సర్వీసెస్ అథారిటీకి కట్టాలని 2010లో దామోదర్ ఎస్. ప్రభు కేసులో సుప్రీంకోర్టు నియమం పెట్టింది, 2025లో ఆ శాతాలు తగ్గించింది. డబ్బు లెక్కలో అదీ కలుపుకోండి. అవతలాయన మాట మార్చే మనిషైతే, సొమ్ము సెషన్స్ కోర్టులో మెమో వేసే రోజునే డీడీగా ఇవ్వండి. ముందే చేతికిచ్చి రసీదు లేకుండా కూర్చోకండి.

రాజీ కుదరక అప్పీలు నడపాల్సి వస్తే, అదే చట్టం 148వ సెక్షన్ కింద పరిహారంలో కనీసం 20 శాతం జమ చేయమని పైకోర్టు అడగవచ్చు. సాధారణంగా అడుగుతుంది. దానికి 60 రోజులు, కారణం చూపిస్తే ఇంకో 30 ఇస్తారు. ‘పైకి వెళితే శిక్ష పెంచుతారట’ అనే భయం మీ ఊళ్లోనూ ఎవరో పెట్టే ఉంటారు. ముద్దాయి వేసుకున్న అప్పీలులో అతని శిక్ష పెంచడానికి వీల్లేదు. పెంచమని అవతలివైపు నుంచి వేరే కేసు పడి, మీకు నోటీసు వచ్చి, మీ వాదన వింటే తప్ప.

మినహాయింపులు అసలు లేవా అంటే ఉన్నాయి, కానీ అవి మీకు పనికొచ్చేవి కావు. అవతలి పక్షం మాట అసలు వినకుండా ఇచ్చిన ఆర్డరును వెనక్కి తీసుకోవడం వేరు, విన్నాక ఇచ్చిన తీర్పు తప్పని మళ్లీ చూడడం వేరు. ఈ తేడాను 2009లో అసిత్ కుమార్ కర్ కేసు చెప్పింది, మొదటిదానికి 362 అడ్డు రాదని 2011లో విష్ణు అగర్వాల్ కేసు చెప్పింది. మీ తమ్ముడి మాట విన్నారు, సాక్ష్యం తీసుకున్నారు, కాబట్టి ఆ దారి లేదు. భరణం కేసుల్లో పరిస్థితి మారితే మొత్తం మార్చుకోవచ్చని కోడే చెబుతోంది. నేరం నాటికి మైనర్‌ననే వాదన కేసు పూర్తిగా ముగిసిపోయాక కూడా లేవనెత్తవచ్చని జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. 2023లో నారాయణ్ చేతన్‌రామ్ చౌదరి కేసులో, మరణశిక్ష పడి 28 ఏళ్లకు పైగా జైల్లో ఉన్న మనిషి నేరం నాటికి పన్నెండేళ్ల పిల్లవాడని తేలి సుప్రీంకోర్టు విడుదల చేసింది.

తన తీర్పును తాను మళ్లీ చూసే అధికారం రాజ్యాంగం 137వ అధికరణ ద్వారా సుప్రీంకోర్టుకే ఇచ్చింది. అది ఎటైనా తిరుగుతుంది సుమా. క్రికెటర్ నవజ్యోత్ సింగ్ సిద్ధూ కేసు గుర్తుందా? 1988లో పాటియాలాలో రోడ్డు మీద గొడవ, ఒక పెద్దాయన చనిపోయారు. 2018 మేలో సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల జుర్మానాతో సరిపెట్టింది. చనిపోయినాయన కుటుంబం రివ్యూ వేసింది. 2022 మే 19న అదే కోర్టు ఆ శిక్షకి ఏడాది కఠిన జైలు కలిపింది. ఈ అధికారమే మీ మేజిస్ట్రేటుకీ ఉంటే, మీరు తగ్గించమని వేసినట్టే అవతలాయన పెంచమని వేసేవాడు, ప్రతి తీర్పూ నెలనెలా తెరుచుకునేది. ఆ తలుపు మూసి ఉండడమే నా వృత్తి అనుభవంలో ముద్దాయిలకు ఎక్కువ మేలు చేసింది, ఇప్పుడు మీకు అలా అనిపించకపోవచ్చు.

ప్రభుత్వం చేతిలో ఉన్న శిక్ష తగ్గింపు, రాష్ట్రపతి, గవర్నర్ల క్షమాభిక్ష వేరే దారి, మీ కేసుకి అంత దూరం అక్కర్లేదు. చిలకలూరిపేట బస్సు దహనం కేసులో కోర్టులన్నీ ఉరిశిక్ష ఖాయం చేశాక, 1998లో అప్పటి రాష్ట్రపతి కేఆర్ నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. కోర్టు మార్చలేనిది అక్కడ మారింది. అయితే అదీ అడ్డులేని అధికారం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గవర్నరు ఇచ్చిన ఒక శిక్ష తగ్గింపును 2006లో ఎపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మళ్లీ మీ సంగతికి. రెండు తీర్పులకీ రెండు అప్పీళ్లు వేయించండి, ఒకే అప్పీలులో రెండూ ఇరికించవద్దు. రెండిట్లోనూ గ్రౌండ్స్‌లో (అప్పీలుకి చూపించే కారణాల్లో) ఏకకాలం సంగతి విడిగా ఒక పేరాగా రాయించండి. కేసు గెలిచే పాయింట్లు బలంగా ఉన్నాయని వకీలుగారు దీన్ని వదిలేస్తారు, నేనూ కుర్రతనంలో వదిలేశాను. ‘శిక్ష రద్దు చేయండి, కాని పక్షంలో రెండూ కలిపి నడపండి’ అని అడగడం ఓటమి ఒప్పుకోవడం కాదు. అప్పీళ్లతో పాటే శిక్ష సస్పెన్షన్ పిటిషన్లు కూడా రెండు.

జైలు శిక్ష పడినవాళ్లకి తీర్పు కాపీ ఉచితంగా వెంటనే ఇవ్వాలి, అది మీ చేతికి వచ్చే ఉంటుంది. సర్టిఫైడ్ కాపీకి వేరే అర్జీ పెట్టి ఉంటే, దాని వెనక ముద్ర చూడండి. అర్జీ పెట్టిన తేదీ, కాపీ తయారైన తేదీ, ఇచ్చిన తేదీ ఉంటాయి. కాపీకి పట్టిన రోజులు 30 రోజుల లెక్కలోంచి తీసేస్తారు. తీర్పు తేదీ, ఈ మూడు తేదీలు రెండు కేసులకీ విడివిడిగా రాసి పంపండి, మీకు ఎన్ని రోజులు మిగిలాయో లెక్క కట్టి చెబుతాను.